లివర్ పంచాయితీ

"నూటపన్నెండు! నలభై దాటొద్దు. బావది నూటపన్నెండు!"

పరమేశ్ రక్తపరీక్ష రిపోర్టును పెద్దమనుషుల ముందు ఊపాడు. మెడికల్ షాపులో పని చేస్తాడు కాబట్టి చేగుంట నుంచి వచ్చిన తనవాళ్లకు అతనే డాక్టరు. ఒక పక్కన అతని చెల్లెలు యాదలక్ష్మి కూర్చుంది, బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని. ఎదురుగా ఆమె మొగుడు మల్లేశ్. మెదక్ బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల దుకాణం అతనిది. పంచాయితీ అతని వాకిట్లోనే.

"ఎస్జీపీటీ అంటే లివర్ లెక్క. తాగకుంటే లివర్ ఎట్ల ఖరాబైతది బావా?"

"తాగలే," అన్నాడు మల్లేశ్. "పోయిన జాతరల ఏడుపాయల దుర్గమ్మ ముంగట ఒట్టేసిన. అప్పటిసంది చుక్క ముట్టలే. పానం గుంజినప్పుడల్లా కూల్‌డ్రింకు తాగిన. గదే కొవ్వై లివర్‌కు పట్టిందట. తాగనోళ్లకు గూడ వస్తదని డాక్టరమ్మ చెప్పింది."

వాకిలంతా నవ్వింది.

మల్లేశ్ ఫోన్ తీసి డాక్టరమ్మను కలిపాడు. స్పీకర్ పెట్టి సంగతి అడిగాడు. అవతల సలోమి డాక్టరు తొందరలో ఉంది.

"లివర్‌దే రెండో లెక్క, ఎస్జీవోటీ, యాభై ఎనిమిదే కదా. తాగేవాళ్లకు మామూలుగా అది ఎక్కువ, ఎస్జీపీటీ తక్కువ ఉంటుంది. మల్లేశ్‌ది తిరగేసి ఉంది. నాకైతే ఇది తీపి తెచ్చిన కొవ్వులాగే కనిపిస్తోంది. పొట్ట తగ్గించమనండి."

ఫోన్ ఆగింది. కులపెద్ద ఎల్లం మీసం తుడుచుకున్నాడు.

"డాక్టరమ్మ మంచిదే. కాని ఫీజిచ్చింది నువ్వాయె. నీ దిక్కే మాట్లాడుతది."

"దవాఖాన గోడ మీద బొమ్మ చూడలేదా మామా?" అన్నాడు పరమేశ్. "ఖరాబైన లివర్ పక్కపొంటి ఏముంటది? బ్రాందీ సీసా. కూల్‌డ్రింకు సీసా ఏడన్న చూసినవా?"

అది అందరికీ నచ్చింది. యాదలక్ష్మి లేచి నిలబడింది.

"నువ్వు తాగినందుకు కాదు నా ఏడుపు. అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడుతున్నవ్. తాగిన అని ఒక్క మాట ఒప్పుకో, సంచి లోపల పెడ్త. లేకుంటే ఇప్పుడే బస్సెక్కుత."

మల్లేశ్ సంచి వైపు చూశాడు.

"తాగిన."

వాకిలి తేలికపడింది. యాదలక్ష్మి కళ్లు తుడుచుకుని సంచి లోపల పెట్టి వచ్చింది. రిపోర్టుతో పరమేశ్ విసురుకుంటున్నాడు.

"నిజం ఒప్పుకున్నడు, మగోడు," అన్నాడు ఎల్లం. "ఇగ తప్పు కట్టాలె. పద్ధతి ఎరికే గదా అల్లుడా. కల్లు తెప్పియ్యి."

కల్లు వచ్చింది. ఎల్లం మొదటి గ్లాసు నింపి యాదలక్ష్మికి ఇచ్చాడు.

"ఆలుమొగలు ఒక్క గ్లాసుల తాగితెనే రాజీ. లేకుంటే పంచాయితీ చెల్లది."

ఆమె ఒక గుక్క తాగి గ్లాసు మొగుడికి చాపింది. మల్లేశ్ చెయ్యి వెనక్కి పోయింది.

"నీళ్లు తాగుత."

ఎవరూ నవ్వలేదు. పరమేశ్ విసురుకోవడం ఆపాడు. యాదలక్ష్మి ఒకసారి ఇంట్లో ఉన్న సంచి వైపు చూసి, గ్లాసు అతని పెదవులకు ఆనించింది.

"తాగు. తాగినంక, ఇగ జన్మల ముట్టనని ఒట్టెయ్యి."