తిన్నని గీత

“ఇంకా తలుపు తీయలేదా వాళ్ళు?” పిట్టల మేడమ్ పదోసారి అడిగింది.

“తీశారు మేడమ్. కానీ లోపల సమాచారమంతా వాళ్ళ పద్ధతిలో సర్దుకున్నారు. తారీఖులో నెల ముందు, రోజు వెనక. ఎత్తులు అడుగుల్లో. అన్నీ మన కొలతలకి మార్చొద్దూ?”

పక్షి పరిశోధన కేంద్రంలో ఆ ఇంజనీరుని అందరూ అతుకులమ్మ అంటారు. బయటి సంస్థల దగ్గరున్న సమాచారాన్ని రప్పించి, కేంద్రం డేటా ప్లాట్‌ఫాంకి అతకడం ఆమె ఉద్యోగం. చదివింది ఇంజనీరింగే అయినా, చేసేది మాత్రం ఎవరి మూత ఏ గిన్నెకి పడుతుందో చూడడమే.

ఈ రోజు అతకాల్సింది ట్యాగు కట్టిన పిట్టల కబుర్లు పోగుచేసే, సముద్రం అవతలి పక్షి సంస్థని. ఏడేళ్ళుగా కేంద్రం శాస్త్రవేత్త పిట్టల మేడమ్ నలభై పిట్టల వీపులకి జాడ చెప్పే ట్యాగులు కట్టి వదిలింది. ముప్పైతొమ్మిదింటి జాడ లేదు. ఆఖరిది, గుప్పిట్లో ఇమిడేంత పిట్ట, ఇరవై రోజుల కిందట తీరం దగ్గర మాయమైంది. సాయంత్రం నాలుగింటి సమావేశంలోగా దాని కబురైనా తెలియకపోతే ట్యాగుల పథకం మూసేస్తానని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు.

మూడుంబావుకి ఒక్కో వరసా దిగడం మొదలైంది. అతుకులమ్మ ట్యాగు నంబరు వెతికింది. మ్యాపు మీద ఒక చుక్క వెలిగింది. పక్కన ఇంకోటి. చూస్తుండగానే చుక్కలన్నీ కలిసి, సముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా గీతయ్యాయి.

పిట్టల మేడమ్ కుర్చీ వెతుక్కుని కూలబడింది. “బతికే ఉందా నా తల్లి!”

“బతకడమేంటి మేడమ్, సముద్రమే దాటేసింది!”

“ఈ జాతి సముద్రం దాటదని నా పుస్తకంలో నేనే రాశాను” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. “చింపేసి మళ్ళీ రాస్తాను.”

కబురందుకున్న డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. “ఇంత పిట్టా? మధ్యలో ఎక్కడా వాలకుండానే?”

“వాలడానికి అక్కడేముంది సార్, నీళ్ళు తప్ప!”

ముగ్గురూ తెర మీది అంకెలు చదివారు. పన్నెండు పగళ్ళు, పన్నెండు రాత్రులు ఒకటే వేగం. నీటికి సరిగ్గా పద్దెనిమిది మీటర్ల ఎత్తు. స్కేలు పెట్టి గీసినంత తిన్నని దారి. ఎనిమిదో రోజు తుపానులోనూ అది పక్కకి తూలలేదు.

“మా ఆవిడ కారు కూడా ఇంత తిన్నగా నడపదు” అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి.

“ఎవరు నేర్పారో దానికి!” అంది పిట్టల మేడమ్. అతుకులమ్మ తన వంటింటి కిటికీలో రోజూ వాలే పిట్టల్ని ఉష్షుమని తోలినందుకు మనసులోనే లెంపలేసుకుంది.

“పథకం ఆపేదే లేదు” అన్నాడు డైరెక్టరు. “పదండి మేడమ్, అందరికీ మీరే చెప్పాలి. అతుకులమ్మా, వాళ్ళ పట్టిక ఉన్నదున్నట్టు నాకు పంపు. ఒక్క కాలమ్ కూడా వదలకు.”

ఆమె నాలిక్కరుచుకుంది. ఒకటి వదిలేసింది మరి. ‘చూసినవారి గమనిక’ అనే కాలమ్. అలాంటిది పెట్టుకోవడానికి తమ ప్లాట్‌ఫాంలో గడి లేదు. అంకెలు కావాలి గానీ కబుర్లెందుకులే అని దాన్ని దించనే లేదు.

దించింది. పక్క హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. పన్నెండు రోజుల వరసల్లోనూ ఒకే మనిషి, ఒకే రకం మాట రాశాడు. ఆమె ఆఖరి వరస చదివింది.

‘ఒడ్డుకి చేరాం, అయినా ఈ పిట్ట మా ఓడ దిగనంటోంది.’