తాడు చివర బావ

తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఆ పార్కు తీరంలో టార్చి వెయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. చీకటి పడ్డాక అందరూ ఒకే తాడు పట్టుకుని నడవాలి. ముందు గైడు, తర్వాత అక్క, నేను, చివర బావ.

"తాబేలే నయం, కాస్త నడు బావా!" అని గుసగుసగా అంటూ తాడు లాగాను. వెనకనుంచి తనూ లాగాడు. మాట మాత్రం లేదు. ఇంట్లో ఎప్పుడైనా ఇంత బుద్ధిగా నోరు మూసుకున్నాడా! నవ్వాపుకుంటూ బిస్కెట్ వెనక్కి చాపితే చటుక్కున అందుకున్నాడు. వేళ్లు చల్లగా, తడిగా తగిలాయి.

తాబేలు గుడ్లు పెట్టడం చూసి, మురిసిపోతూ తిరిగొచ్చాం. గేటు దగ్గర దీపం కింద, బెంచీ మీద బావ!

"బయల్దేరగానే చెప్పు తెగింది, ఇక్కడే ఆగిపోయా. మాట్లాడొద్దన్నారుగా, అందుకే చెప్పలేదు."

అక్క పడీపడీ నవ్వింది. గైడు నవ్వలేదు. నేను నవ్వబోయాను.

నా చేతిలో తాడు ఇంకా వెనక చీకట్లోకే సాగి ఉంది. అటునుంచి ఎవరో మెల్లగా లాగారు, ఇంకో బిస్కెట్ అడుగుతున్నట్టు.