టెంపరరీ ట్యాంకరు

"టెంపరరీ అంటే కొన్నాళ్లే ఉండేది. పర్మనెంట్ అంటే ఎప్పటికీ ఉండేది," అంటూ ఇంగ్లీషు టీచరు హేమలత ఆ రెండు మాటలూ బోర్డు మీద రాసింది. "మన ఊరికొచ్చే నీళ్ల ట్యాంకరు ఏంది? చెప్పండి."

"పర్మనెంట్ మేడం," అంది ముందు బెంచీలోని లక్ష్మీకుమారి.

"తప్పు. టెంపరరీ. ఇంటింటికీ కుళాయిలు వేసేదాకానే."

"మా అమ్మ కాపరానికొచ్చినప్పట్నుంచీ అదే వస్తాందంట మేడం."

హేమలతకు ఒళ్లు మండింది. డస్టరుతో బల్ల మీద ఠపీమని కొట్టింది.

"నాకే ఎదురు చెప్తావా? అది టెంపరరీ అని ఆఫీసర్లే చెప్పినారు! నేను నీ మాదిరే ఈ బెంచీలో కూచోని చదువుకునేటప్పుడు, ఈ క్లాసులోకే వచ్చి చెప్పిపోయినారు!"

తానేమన్నదో హేమలతకు అప్పుడు వినబడింది. చేతిలో డస్టరు అట్లాగే ఉండిపోయింది.

బయట వీధిలో ట్యాంకరు హారన్ మోగింది. పొద్దున్నే బిందెలు వరసలో పెట్టి బడికొచ్చిన పిల్లలు, లేవాలంటే భయపడి ఆమె వైపే చూస్తున్నారు.

ఆమె కోపం చల్లారలేదు. కాకపోతే అది ఇప్పుడు లక్ష్మీకుమారి మీద లేదు.

"ఇంకా కూచున్నారేంది? పోయి పట్టుకోండి!" అని అరిచింది. "లక్ష్మీ, నా బిందె గూడా ఆ వరసలోనే ఉంది. ముందుకు జరుపు."