పికప్ పాయింట్

స్కూటీకి తగిలించిన రెండో హెల్మెట్ మీద ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది.

బైక్ ట్యాక్సీ నడపడం రజితకు ఇవాళే మొదలు.

మొదటి బుకింగు కుర్రాడు ఆడమనిషిని చూసి, ఎక్కకుండానే క్యాన్సిల్ కొట్టాడు. రెండో బుకింగు ఒక పెద్దావిడ. తిరుమలగిరి దాకా రజిత నడుం గట్టిగా పట్టుకుని కూర్చుంది. హెల్మెట్ మాత్రం వద్దంది, జుట్టు చెదురుతుందట.

రజిత ఆయాగా చేసిన స్కూలు మూతపడి ఐదు నెలలైంది. సీతాఫల్‌మండిలోని ఇల్లు అప్పట్నుంచీ మొగుడి ఆటో ఒక్కదాని మీదే నడుస్తోంది.

బైక్ ట్యాక్సీ యాప్‌లో ఆమె లైసెన్సు ఎక్కించింది ఆ మొగుడే, హరికిషన్. గోడకు ఆనించి నిలబెట్టి, నాలుగుసార్లు ఫోటో తీసిందీ ఆయనే.

ఒక్కటే షరతు పెట్టాడు.

"మా స్టాండ్ దిక్కు రాకు. ఓంప్రకాశన్నకు తెలిసిందంటే నన్ను లైన్లకెల్లి తీసేస్తడు."

ఓంప్రకాశ్ ఆ ఆటో స్టాండుకు పెద్ద. సవారీల కోసం నిలబడే లైనులో ఎవరి ఆటో ఉండాలో ఆయనే చెప్పాలి. యాప్‌లో నడిపేవాళ్ల పేరెత్తితేనే ఆయనకు ఒళ్లు మంట. తనే ఒక బండి బుక్ చేయిస్తాడు. పాపం, ఆ వచ్చినవాడి చుట్టూ మనుషుల్ని నిలబెట్టి టైర్లలో గాలి తీయిస్తాడు. అదొక వినోదం అక్కడ.

మూడో బుకింగు మారేడ్‌పల్లిలో పడింది. టిఫిన్ సెంటర్ వెనక గల్లీ. దాని చివరే మొగుడి స్టాండు.

రజిత వేలు క్యాన్సిల్ మీదికి వెళ్లి ఆగింది. మొదటి రోజే వచ్చిన బుకింగును కాదంటే నాలుగోది ఎప్పుడిస్తారో ఎవరికి తెలుసు? పైగా బుక్ చేసిన పేరు కల్పలత. ఆడమనిషే కదా, వెనక దారిన వెళ్లి ఎక్కించుకుంటే ఎవరి కంటా పడనులే అనుకుంది.

గల్లీలో కల్పలత లేదు.

ఏడు ఖాకీ చొక్కాలు ఉన్నాయి. ఏడోది హరికిషన్‌ది.

రజిత హెల్మెట్ తీసింది.

"అరె, నిజంగనే మన వదిన!" ఫోను పట్టుకున్న మధుసూదన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మా ఇంటిదాని ఫోన్లకెల్లి చేసినం వదినా. నువ్వని ముందుగాల తెల్వదు."

"ఫోటో వచ్చినంక తెలిసింది గదరా," అన్నాడు ఓంప్రకాశ్. రజిత వైపు తిరిగాడు. "నాలుగు నిమిషాల సంది నీ ఫోటోనే చూస్తున్నం చెల్లె. నీ మొగుడు సుత చూసిండు."

నాలుగు నిమిషాలు.

రజిత హోల్డర్‌లోని ఫోను వంక చూసుకుంది. మిస్డ్ కాల్ లేదు. రావద్దని ఒక్క మెసేజీ లేదు.

"ఏం హరీ, నీకు ఎరుకేనా ఈ ముచ్చట?" అని అడిగాడు ఓంప్రకాశ్.

హరికిషన్ టైరు వంక చూస్తూ నోరు విప్పాడు.

"నాకెట్ల ఎరుకుంటదన్నా? నాకు జెప్పకుంట చేసింది."

ఎంత సులువుగా అనేశాడు! రజితకు చెంప మీద కొట్టినట్టయింది. ఫోటో తీసేటప్పుడు 'జెర నవ్వు, మంచిగొస్తది' అన్నది ఈ నోరే.

చెప్పేయొచ్చు. ఒక్క మాట చాలు. ఆయనకు లైను పోతుంది, ఆటో ఇంటి ముందు పడి ఉంటుంది.

నోరు మూసుకుంది. ఆయన మీద జాలితో కాదు. రేపు పొయ్యి వెలగాలి కాబట్టి.

"అట్లయితే నువ్వే తియ్యి గాలి, హరీ," అన్నాడు ఓంప్రకాశ్. "రూల్ అందరికీ ఒక్కటే."

"ఆడమనిషి అన్నా, ఇడ్సిపెడదాం..." మధుసూదన్ నసిగాడు.

"నువ్వు ఊకో."

హరికిషన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు టైరులో గాలి తీశాడు.

తర్వాత, ఎవరూ చెప్పకుండానే, వెనక టైరులోనూ తీశాడు.

గాలి బుస్సుమంటూ పోయింది. రజిత ఆయన నడినెత్తి వంక చూస్తూ నిలబడింది. పన్నెండేళ్లుగా ఆ తలకు నూనె పెడుతోంది. ఇవాళ చూస్తే అసహ్యం వేసింది.

"ఇగ ఇంటికి పో చెల్లె," అన్నాడు ఓంప్రకాశ్, గెలిచినవాడి దయతో.

అందరూ ఆమె ఏడుపు కోసం చూస్తున్నారు. రజిత ఏడవలేదు. బండిని గోడ పక్కకు నెట్టి, తాళం వేసి, గల్లీ చివరికి నడిచింది. ఏం చేస్తుందోనని ఏడుగురూ వెనకే వచ్చారు.

స్టాండులో ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి.

"ఫస్టు నంబర్ ఎవరిది?"

మధుసూదన్ మెల్లగా అన్నాడు. "హరిది, వదినా."

"సవారీ వస్తే ఫస్టు నంబరోడు కాదనొద్దు గదా? గది సుత మీ రూలే గదా?"

ఓంప్రకాశ్‌ తలూపాడు.

రజిత ఆటో ఎక్కి సీటు మధ్యలో కూర్చుంది.

హరికిషన్ కాళ్లీడ్చుకుంటూ వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు. పెదవి కదిలీ కదలనట్టు అడిగాడు.

"ఇంటికేనా?"

రజిత అందరికీ వినపడేలా అంది.

"పంక్చర్ షాపు దాక పోయి, గాలి కొట్టేటోన్ని తీస్కరావాలె. మీటర్ మీద వస్తవా, అన్నా?"