కటింగ్ మిషన్ మూత

“ఒక్క మాటే కదా. ఆయనే మూత తీశాడని చెప్పెయ్. అంతటితో పీడ పోతుంది,” అంది తల్లి, కూతురి చీర కుచ్చిళ్లు సర్దుతూ.

కూతురు గోళ్లలో ఎండిన జిగురు గీక్కుంటోంది.

అట్టపెట్టెల కంపెనీలో కటింగ్ మిషన్‌కి ఇనప మూత ఉంటుంది. అది బిగిస్తే అట్టలు ఒక్కొక్కటిగానే దూరతాయి. తీసేస్తే నాలుగేసి తోసెయ్యొచ్చు. అందుకని మూత ఎప్పుడూ బల్ల కిందే. తనిఖీకి వస్తున్నారంటే మాత్రం పరుగెత్తి బిగించేవాళ్లు. పోయిన నెల, అందరూ కటింగ్ బాబాయి అని పిలిచే పెద్దాయన కుడిచెయ్యి అందులో పడింది. వేళ్లు పోయాయి.

ఇవాళ లేబర్ ఆఫీసులో విచారణ.

నిన్న సాయంత్రం కంపెనీ వకీలు ఇంటికొచ్చాడు. ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో చెప్పి, మళ్లీ చెప్పించాడు. బాబాయే తొందరపడి మూత తీశాడంటే కేసు తేలిపోతుందన్నాడు. తల్లికి ప్రాణం లేచొచ్చింది. కూతురు మాత్రం వకీలు తాగి పెట్టిన టీ కప్పు వైపే చూస్తూ కూర్చుంది.

కీడెంచి మేలెంచమన్నారు. తల్లి కీడు దగ్గరే ఆగిపోయే మనిషి. నిజం చెబితే జరిమానా పడుతుంది, కంపెనీకి తాళం పడుతుంది, పిల్ల బతుకు రోడ్డున పడుతుంది, ఆపైన ఇంకేం మూడుతుందో. ఆటో ఎక్కినా అదే గొణుగుడు.

“నోటికాడి కూడు చేతులారా పారబోసుకుంటావా?”

“ఆయనిక తన చేత్తో అన్నం కలుపుకోలేడమ్మా.”

తల్లి మొహం రోడ్డు వైపు తిప్పుకుంది. భయం మాత్రం పోలేదు.

ఆఫీసు మెట్ల మీద కార్మికులు గుంపుగా కూర్చున్నారు. కూతుర్ని చూడగానే మాటలాపేశారు. జిగురు బల్ల దగ్గర పనిచేసే ఆవిడ ఎటో చూస్తూ అంది. “వకీలు పాఠం చెప్పి వెళ్లాడట. ఇక అప్పజెప్పడమే తరువాయి.”

కూతురు తల దించుకుని లోపలికి నడిచింది.

బాబాయి కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. ఆయన మొహం చూడలేక తల్లి గోడకి చేరగిలబడింది.

అధికారి కళ్లజోడు సర్దుకుని, మూత తీయమన్నదెవరని అడిగాడు. వకీలు గొంతు సవరించుకున్నాడు. తల్లి కళ్లు గట్టిగా మూసుకుంది.

“నేనే సార్, కంపెనీ నాది,” అంటూ వకీలు పక్క కుర్చీలోంచి కూతురు లేచింది.