ముగ్గురు చూసిన నాణెం

"అరవై ఐదు!" పార్సిలు విప్పీ విప్పకముందే కేకేశారు మామగారు. "డెబ్బైకి అరవై ఐదంటే మాటలా? చూశావా అమ్మాయ్?"

కోడలు చూసింది. నాలుగు పక్కలా అతికేసిన ప్లాస్టిక్ పెట్టె. లోపల పాత వెండి నాణెం. పైన చీటీ మీద, పాత నాణేలని పరీక్షించి డెబ్బైకి ఇన్నని అంకె వేసే కంపెనీ పేరు, దాని కింద ఆ అంకె. చంకలో పాప చెయ్యి చాచి పెట్టె అందుకోబోతే గబుక్కున వెనక్కి తగ్గింది.

"కడిగిన నాణెమైతే వాళ్ళు కనిపెట్టేస్తారట కదా మామయ్యా?" అంది, మాటవరసకి అడిగినట్టు.

"కనిపెట్టకేం? ముగ్గురు వేరువేరుగా భూతద్దం కింద పెట్టి చూస్తారు. రుద్దిన గీతలు దొరికాయా, అంకె వెయ్యరు. 'తోమినది' అని రాసి మొహాన కొడతారు. పాత నాణేనికి ఆ మసకే అందం. అది పోతే ఇక చిల్లర కిందే లెక్క."

ఆమె పాపని ఇంకో చంకకి మార్చుకుంది.

రెండు నెలల కిందట, మామగారు బల్ల మీద వదిలేసిన నాణేన్ని పాప నోట్లో పెట్టుకుని, దాని మీదే పాలు కక్కింది. ఎవరైనా చూసేలోపు ఆమె పళ్ళపొడి వేసి, పాత బ్రష్షుతో తళతళలాడేలా తోమి, మళ్ళీ కాగితం పొట్లంలో పెట్టేసింది. మంచిపనే చేశాననుకుంది. ఆ వారమే మామగారు తన చేత్తో పార్సిలు కట్టి కంపెనీకి పంపారు. ఆ తర్వాతే ఫోనులో చూసింది, నాణేలు తోమకూడదని. అప్పట్నుంచి గుమ్మం దగ్గర పార్సిలువాడి కేక వినబడితే చాలు, వంటింట్లోకి తప్పుకునేది.

తీరా చూస్తే అరవై ఐదు!

పెట్టెలోది మసగ్గానే ఉంది. రెండు నెలల్లో మళ్ళీ రంగు తిరిగిందేమో, ఆ ముగ్గురూ దానికే బోల్తా పడ్డారేమో. పెట్టె పగలగొట్టి అదే నాణేన్ని మళ్ళీ పంపితే వేరే అంకె వేశారని ఎవరో మొత్తుకోవడం కూడా ఫోనులో చదివింది. ఏమైతేనేం, తను బయటపడింది. మరి ఆ పెట్టె వైపు చూడబుద్ధి కాదేం?

"పదకొండింటికి వాచీల తాత వస్తున్నాడు. వాడికే ఇచ్చేస్తున్నా," అన్నారు మామగారు.

వాచీల తాత వీధి చివర వాచీలు బాగుచేసే ముసలాయన, మామగారి నేస్తం. ఆయన నాణేల వరసలో ఈ ఒక్క ఏడాదిదే తక్కువ. నలభై ఏళ్ళు ఆవగింజంత చక్రాలు బిగించి బిగించి కళ్ళు పాడుచేసుకున్నాడు.

వస్తూనే పెట్టెని బొటనవేలితో తడిమాడు. "నాకు నాణెం ఎక్కడ కనబడి చచ్చిందమ్మా. అంకె చదివి చెప్పు. ఆ ముగ్గురి కళ్ళే నా కళ్ళు."

"అరవై ఐదు," అంది. ఆగలేక మళ్ళీ అంది, "వాళ్ళని అంతలా నమ్మితే ఎలా తాతయ్యా? వాళ్ళూ మనుషులేగా. నిద్రమత్తులో చూసుండొచ్చు."

"ముగ్గురికీనా? ఏం, ముగ్గురి ఇళ్ళలోనూ చంటిపిల్లలున్నారా?"

మామగారు పకపకా నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. ముసలాయన చొక్కా లోపలి జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంక నాకు కొనేదేం లేదోయ్. వరస నిండింది."

"ఇవ్వకండి!" అందామె.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"దాన్ని నేను తోమేశాను మామయ్యా. పళ్ళపొడితో. పాప కక్కిందని... తెలీక చేశాను. తెలిశాక చెప్పే ధైర్యం చాల్లేదు. ఆ అంకె తప్పు తాతయ్యా. వాళ్ళు సరిగ్గా చూళ్ళేదు."

వాచీల తాత కవరు మీద చెయ్యి వేశాడు. "ఏమోయ్, ఏంటిది?"

మామగారు కళ్ళజోడు తీసి పంచెకొసతో తుడుచుకున్నారు. ఆయన మొహంలోకి చూడలేక ఆమె పాప నెత్తి మీద చెంప ఆనించింది.

"ఇది ఆ ఏడాదిదే ఇంకోటి. నువ్వు తోమింది నా బీరువాలోనే ఉందమ్మా."