సంతకం పెట్టని మనిషి

గేటు మీద ఎవరో దబదబా బాదారు.

మొజెల్ గేటు గడియ గట్టిగా పట్టుకుంది.

"బెల్లుంది కదా, ఆ బాదుడేంట్రా?"

"నువ్వు వెనక్కి జరగవే," అన్నాడు షావూల్. సైన్యంలో రెండేళ్ళు చేసొచ్చిన వాడి గొంతూ వణికింది.

వణకదూ మరి! సోమవారం నాడు ఎవడో సినగాగ్‌కు వచ్చే యూదులందరి ఫోన్లకూ ఓ సందేశం పంపాడు. "ఈ శుక్రవారం మీ సినగాగ్‌లో ఒక్కరూ మిగలరు. షబ్బాత్ షాలోమ్."

చంపుతానంటూనే పండగ పలకరింపు!

సింగపూర్‌లో యూదులు ప్రార్థనకు చేరే ఆ పాత సినగాగ్ కట్టి నూట నలభై ఏళ్ళు. ఎన్నడూ గేటుకు కాపలా ఎరగదు. ఈ వారం కుర్రకారే వంతులు వేసుకున్నారు. వచ్చినవాళ్ళంతా పొద్దుండగానే పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్ళారు. తర్వాత సూర్యుడు దిగాడు. శుక్రవారం పొద్దుగూకాక వచ్చే విశ్రాంతి దినం, షబ్బాత్ మొదలైంది.

లోపల నిస్సీమ్ గుమ్మంకేసే చూస్తున్నాడు. వాళ్ళమ్మ పోయి ఆ రాత్రికి ఏడాది. ఆమె కోసం కద్దీష్ ప్రార్థన చదవాలి. దానికి పదిమంది మగవాళ్ళుండాలి. ఆడవాళ్ళు పాతికమంది ఉన్నా ఆ లెక్కలోకి రారు.

షావూల్‌తో కలిపి తొమ్మిదిమంది తేలారు. మిగతా వీరులంతా సందేశం చూసి ఇళ్ళలో తలుపులు బిగించుకున్నారు.

షావూల్ గేటు జానెడు తెరిచాడు.

బయట అరవై దాటిన మనిషి. లుంగీ, చొక్కా వానకు ముద్దయిపోయాయి. గొడుగు లేదు. ఎడమ మణికట్టుకు రుమాలు చుట్టుకున్నాడు.

"షబ్బాత్ షాలోమ్," అన్నాడు.

మొజెల్ ఒకడుగు వెనక్కి వేసింది. సందేశంలోనూ అవే మాటలు!

"ఎవరండీ మీరు? ఎక్కణ్ణుంచి?"

ఇంగ్లీషు రాదేమో, తన గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి చూపించాడు.

షావూల్ చెయ్యి చాపి అతని జేబులు తడిమాడు. "ఫోన్ లేదు, పర్సు లేదు, బస్సు కార్డు కూడా లేదే! ఈ ఊళ్ళో ఇలా ఎవడు తిరుగుతాడే?"

మొజెల్ పుస్తకం, పెన్ను ముందుకు చాపింది. "పేరు రాయండి."

అతను పెన్ను చూసి రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు.

"రాయకపోతే లోపలికి రానివ్వం!"

అతను ఆమె ముఖంలోకి చూసి, వేలెత్తి ఆకాశం చూపించాడు.

"అమ్మో, మనల్ని పైకి పంపిస్తానంటున్నాడే!" అన్నాడు షావూల్.

"పో! పోతావా, పోలీసుల్ని పిలవనా?" మొజెల్ అరిచింది.

గడియ పడింది. ఇద్దరూ గేటుకు వీపులు ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

పదోవాడు రాలేదు. పాటలు పాడి, ఉన్నంతలో ప్రార్థన ముగించారు. నిస్సీమ్ పుస్తకం మూసి, "అమ్మా, ఈ ఒక్కటీ చేయలేకపోయానే," అని గోడవైపు తిరిగి ఏడ్చాడు.

మొజెల్ నాన్నమ్మ ఆడవాళ్ళు కూర్చునే మేడ మీదినుంచి దిగి వచ్చింది.

"గేటు దగ్గర ఆ గోలేమిటే?"

మొజెల్ అంతా చెప్పింది.

"బెల్లు నొక్కలేదూ?"

"లేదు. పిడికిలితో బాదాడు."

"రుమాలు జేబులో కాకుండా చేతికి కట్టుకున్నాడూ?"

"అవును. అయితే?"

ముసలామె నుదురు కొట్టుకుంది.

"షబ్బాత్ నాడు బెల్లు నొక్కుతామటే? జేబులో ఏదైనా మోస్తామటే? ఒంటికి చుట్టుకుంటే అది బట్ట కింద లెక్క. మా రంగూన్‌లో మగాళ్ళంతా రుమాళ్ళు అలా చుట్టుకునే వచ్చేవారు. చీకటి పడింది, ఇక రాయకూడదమ్మా అని ఆకాశం చూపించాడు. పొద్దుగూకాక పెన్ను పట్టుకుంది నువ్వే, మహాతల్లీ!"

"అంటే... పదోవాడు!" నిస్సీమ్ గేటువైపు పరుగెత్తాడు. అతని వెనకే మొజెల్.

వీధి ఖాళీ. ఎదురుగా కాఫీ కొట్టులో బర్మా అమ్మాయి కప్పులు కడుగుతోంది.

"లుంగీ కట్టుకున్న పెద్దాయన ఎటు వెళ్ళాడు చెల్లీ?"

"మా దేశపాయన. నిన్ననే దిగాడట. మళ్ళీ తీస్తారేమోనని ఇంతసేపూ ఇక్కడే తడుస్తూ నిలబడ్డాడు. మీ పాటలు ఆగిపోయాక వెళ్ళిపోయాడు."

"ఎటు?" అన్నాడు నిస్సీమ్.

"ఏమో అన్నా, చూడలేదు."

"ఎందుకొచ్చాడో ఏమన్నా చెప్పాడా?" అడిగింది మొజెల్.

ఆ అమ్మాయి తడి చేతులు తుడుచుకుంది.

"కొడుకు పోయి నలభై రోజులట అక్కా. రంగూన్‌లో మీవాళ్ళు పదిమంది మగాళ్ళు లేరట, అదేదో ప్రార్థన ఆ బిడ్డ కోసం ఒక్కసారైనా చదువుకుందామని వచ్చాడట."